చిట్టీ మూలన సున్న

పటాన్‌చెరు దిక్కు ఒక చిన్న దవాఖానల చిట్టీలు రాసే అక్క ఉండె. పేరు, వయసు రాసినంక కలం ఆపి, "తోడు ఎవరొచ్చిన్రు?" అని అడుగుతుండె. ఎవరూ లేరంటే చిట్టీ మూలన చిన్న సున్న చుట్టేది. అది కనిపిస్తే డాక్టరు సారు మందులు ఎట్ల వాడాల్నో రెండుసార్లు చెప్తుండె.

కంప్యూటరు వచ్చినంక రోగులకు ఎంత మేలైందో లెక్కగట్టనీకి మా ఆఫీసోళ్లు నన్ను పంపిన్రు. గడియారం పట్టుకొని కూసున్న. చిట్టీ జల్దీ వస్తుంది, మేలైందని రాసిన.

"సున్న ఏడ పెట్టాలె తమ్మీ?" అని అక్క అడిగింది.

"కంప్యూటర్ల దానికి గడి లేదక్కా," అన్న.

ఐదేండ్లకు జ్వరమొచ్చి అదే దవాఖానకు ఒక్కన్నే పోయిన. అక్క లేదు. అచ్చేసిన చిట్టీ ఇచ్చిన్రు. మూలన నేనే సున్న చుట్టుకున్న. కొత్త డాక్టరు ఆ సున్న మీదనే మందులు రాసుకుంట పోయిండు.