పసుపు అంటని నలభై గడులు

మా వంటగది గోడకు ఏడేళ్ల కిందటి చార్టు ఒకటి ఉంది. కొత్త సంవత్సరం ఆరాధన నాడు మా సంఘంలో ఇంటికొకటి ఇస్తారు. రోజుకో గడి, గడిలో ఆ రోజు చదవాల్సిన బైబిలు అధ్యాయం అచ్చు వేసి ఉంటుంది. చదివాక అందులో గీత పెట్టుకోవాలి. డిసెంబరు చివరి ఆదివారం నాటికి ఒక్క గడీ వదలని ఇంటివాళ్లను ముందుకు పిలిచి, శాలువా కప్పి ప్రార్థన చేస్తారు. ఈ చార్టుకు మాకు శాలువా రాలేదు. అయినా ఇంటికి ఎవరొచ్చినా నేను చూపించేది దీన్నే.

అంతకు ముందు నాది మాటల భక్తి. రేపటి నుంచి నాలుగింటికి లేస్తాను, గంటసేపు మోకాళ్ల మీద ఉంటాను అని సంఘంలో సాక్ష్యం చెప్పి మరీ మొదలుపెట్టేవాణ్ని. నాలుగో రోజుకల్లా అలారం ఆపేసి అటు తిరిగి పడుకునేవాణ్ని. బోధన్ రోడ్డులో ఒక రైసుమిల్లులో బాయిలర్ దగ్గర నా పని. పొట్టు మంట ముందు రోజంతా నిలబడేవాడికి ఆ మాత్రం నిద్ర తప్పు కాదని నాకు నేనే తీర్పు చెప్పుకునేవాణ్ని.

చార్టు ఇంటికి తెచ్చిన రోజు నా భార్య షరతు పెట్టింది.

"నీ నాలుగు గంటలు వద్దు, నీ మోకాళ్లు వద్దు. పొద్దుగాల నేను చాయ్ పెడ్త. గా చాయ్ మరిగేలోపు ఒక్క అధ్యాయం సదువు. గంతే."

"పెద్ద అధ్యాయం వస్తే?"

"చాయ్ చిక్కగయితది. తాగుదువు తియ్."

ఆమెకు అక్షరం రాదు. ఆమె పుట్టింటి వాళ్లను ఎప్పుడూ ఎవరూ పదిమందిలోకి పిలిచి మెచ్చుకున్నది లేదు. "సదువు రానిదానికి సదివినందుకు శాలువా గప్పుతరంట" అని నవ్వేది. నవ్వులోనే ఆమెకు దాని మీద ఎంత ఆశ ఉందో తెలిసేది.

అలా కుదిరింది. నేను వంటగది గడప మీద కూర్చుని చదివేవాణ్ని, ఆమె గిన్నె వైపు చూస్తూ వినేది. సముద్రంలో గాలి లేచి పడవ ఊగే చోట ఒకసారి నేను దగ్గడానికి ఆగితే, "ఆగకు, మునిగిండ్రా లేదా జెప్పు!" అని కసిరింది. ఆ రోజు చాయ్ సగం పొయ్యి పాలైంది.

గీత పెట్టడం ఆమె వంతు. ఆమె పసుపు గోదాములో కొమ్ములు ఏరుతుంది. ఎంత సబ్బు రుద్దినా వేళ్ల చివర పసుపు వదలదు. తడి వేలితో చార్టును అదిమి పట్టి పెన్సిల్ గీత పెట్టేది. అందుకే ప్రతి గడికీ ఒక పసుపు మరక ఉండేది.

వానాకాలంలో కోటగిరిలో మా అత్తమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. నా భార్య సాయానికి వెళ్లింది. బస్సు కిటికీలోంచి చెప్పిన ఆఖరి మాట కూడా చార్టు గురించే: "ఇడువకు. చాయ్ నువ్వే పెట్టుకో, గీత గూడ నువ్వే పెట్టు."

మర్నాడు మిల్లు గేటు దగ్గరి హోటల్లో చాయ్ తాగాను. ఆ తర్వాత రోజూ అక్కడే. నలభై రోజులు ఇంట్లో పొయ్యి వెలగలేదు, నేను బైబిలు తెరవలేదు. ఆమె తిరిగి వచ్చే ముందు సాయంత్రం పెన్సిల్ చెక్కి, నలభై గీతలూ ఒకేసారి పెట్టేశాను. వేరువేరు రోజుల్లో పెట్టినట్టు కనిపించాలని కొన్ని వంకరగా, కొన్ని గట్టిగా నొక్కి పెట్టాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

ఆమె వచ్చి సంచి దించి, నేరుగా చార్టు దగ్గరికే వెళ్లింది. గడుల మీద వేలు నడిపించింది.

"ఒక్క పొద్దు గూడ ఇడువలేదా?"

"ఇడువలే."

ఆమె ముఖం వెలిగిపోయింది. ఆదివారం చర్చి బయట ఆడవాళ్లకు, సోమవారం గోదాములో అందరికీ చెప్పింది. "నేను లేకున్నా మా ఆయన తప్పలే." గోదాములో ఒకావిడ, "జర మా ఆయనకు గూడ నేర్పుమను అక్కా" అన్నదట. ఆ ముచ్చట ఇంటికొచ్చి మురిపెంగా చెప్తుంటే నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

మళ్లీ రోజూ చదువుతున్నాను కానీ, ఆమె గీత పెట్టేటప్పుడు చార్టు వైపు చూడలేకపోయేవాణ్ని. డిసెంబరులో ఒకరోజు బాయిలర్ దగ్గర నా జతగాడికి చెప్పేశాను. ఆయన బోధన్ ముస్లిం. తెల్లవారుజాము నమాజు చదివే పనికి వస్తాడు. విని పెద్దగా నవ్వాడు.

"అరే భాయ్, నిద్రవట్టి నాకు గూడ నమాజ్ దప్పుతది. దప్పితే కజా సదువుకుంట. అంటే, ఇడిసిపెట్టింది ఆనక సదివి పూర్తి చేసుడు. గంతేగని సదువకుంటనే సదివిన్నని ఇంట్ల జెప్ప."

"ఇప్పుడేం జెయ్యాలె?"

"ముందుగాల భాబీకి జెప్పు. దేవునికి ఎట్లనో ఎర్కే."

చివరి ఆదివారానికి ముందు రోజు, చాయ్ మరుగుతుండగా చెప్పాను. ఆమె అరవలేదు. పొయ్యి కట్టేసింది.

"గోదాముల అందరికి జెప్పుకున్న గదయ్యా."

చార్టు వైపు తిరిగింది. "గా గడులకు పసుపు లేదు. నేను లేను గద, ఏడికెల్లి అంటుతది అనుకున్న. గంత నమ్మిన." లోపలికి వెళ్లి రబ్బరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "తుడువు."

ఒక్కొక్కటే తుడిచాను. గట్టిగా నొక్కిన గీతలు చెరిపినా పోలేదు, గాట్లు మిగిలాయి.

మర్నాడు సంఘంలో చార్టులు తీసుకుని రమ్మన్నప్పుడు నేనూ వెళ్లి నిలబడ్డాను. పాస్టరయ్య చూసి, "మధ్యల ఇవన్ని ఖాళీ ఉన్నయేంది?" అన్నారు.

"అవి చదవలేదయ్యా. చదివినట్టు దొంగ గీతలు పెట్టిన. నిన్న తుడిసిన."

వెనక బెంచీల్లో నవ్వులు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి నా భార్య లేచింది. "అయ్యగారూ, గా చార్టు మాకే ఇయ్యుండ్రి. గవి గూడ సదువుతం."

పాస్టరయ్య చార్టు మడిచి నా చేతికిచ్చారు. శాలువా లేకుండానే, మా ఇద్దరి కోసం అక్కడే ప్రార్థన చేశారు.

మర్నాటి నుంచే మొదలుపెట్టాం. పొద్దున రెండు చాయ్‌లు, రెండు అధ్యాయాలు. ఒకటి ఆ రోజుది, ఒకటి ఎగ్గొట్టింది. మిల్లులో నా జతగాడు పలకరింపుగా, "ఎన్నయినయ్ భాయ్ కజాలు?" అనేవాడు. నలభయ్యో రోజు ఆమె నా గాట్ల మీదనే గీత పెట్టి, పసుపు వేలు గట్టిగా అదిమింది.

ఆ తర్వాతి ఏడాది శాలువా వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా జ్వరం వచ్చిన రోజు కూడా మా చాయ్ వాక్యం లేకుండా మరగలేదు. ఇది చెప్పుకోవడానికి నాకు ఇప్పుడు సిగ్గు లేదు, నిజం కాబట్టి.

మొన్న ఆమెకు అన్నం డబ్బా ఇవ్వడానికి గోదాముకు వెళ్లాను. కొత్తగా పనిలో చేరిన ఆడవాళ్లకు ఆమె నన్ను చూపించి చెప్తోంది. "గీయనే మా ఆయన. నలభై దొంగ గీతలు పెట్టిండు. అందరి ముందట నిలవడి ఒప్పుకున్నడు. మళ్ల నలభై సదివిండు."

అందరూ నా వైపు చూసి నవ్వారు. డబ్బా అందించి, తల వంచుకోకుండానే బయటికి వచ్చాను.