తమ్ముడు పెట్టించిన స్టీల్ పైపు

ఈ రోజు మధ్యాహ్నం మా బాపును మోకాళ్ల డాక్టరుకు చూపించి, మా తమ్ముడి పాత కారులో మొఘల్‌పురాలోని ఇంటికి తిరిగొస్తున్నాను. నయాపూల్ వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోయింది. కాసేపటికి రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది. బోనెట్ అంచుల్లోంచి సన్నగా పొగ లేచింది.

పక్కనున్న ఆటో అతను దిగొచ్చి మెల్లగా చెప్పాడు: "ఇంజన్ బంద్ చెయ్ అక్కా. బోనెట్ తెరవకు. ముందుగాల పెద్దాయనను దించుదాం."

వెనక సీట్లో ఉన్న బాపుకు కాలు వంగదు. "నువ్వు దూరం పో బిడ్డా, నేను నిమ్మళంగ దిగుత," అన్నాడు. పొగ కంటే ఆ మాటకే నాకు ఎక్కువ భయమేసింది. ఇద్దరం ఆయన్ని చంకల కింద పట్టుకుని బయటికి లాగాం.

ఇంజన్ ఆపేశాక పొగ మెల్లగా తగ్గింది. కారును తోయించి షెడ్డుకు చేర్చాక మెకానిక్ బోనెట్ ఎత్తాడు. శబ్దం బాగుంటుందని తమ్ముడు ఇంజన్‌కు పెట్టించిన స్టెయిన్‌లెస్ స్టీల్ పొగగొట్టం అతుకు దగ్గర చీలింది. అందులోంచి వచ్చే వేడి నేరుగా రబ్బరు పెట్రోల్ పైపుకు కొడుతోంది. అది ఒక పక్క కరిగి, పలచటి పొరలా మిగిలింది.

"గట్టి స్టీలే కద?" అన్నాను.

"చిలుము, తుప్పు పట్టది గని పగలదా అక్కా? వేడికి సాగుతది, సల్లబడితే గుంజుకుంటది. రోజూ గదే పని."

తమ్ముడికి ఫోన్ చేస్తే, "మళ్ల వెల్డింగ్ కొట్టిస్త, ఫికర్ చెయ్యకు," అన్నాడు. కారు తాళం నా దగ్గరే దాచాను. వాడికి ఇవ్వాలా వద్దా, మీరే చెప్పండి.