బెల్లం పొయ్యి మీద తులసాకు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మా ఎలమంచిలి బావ అరెకరం చెరుకు తీసేసి తులసి వేశాడు. మధురవాడలో ఆకుల నుంచి నూనె తీసే యూనిట్ ఒకటి ఉంది. ఎండుటాకు నచ్చితే పంటంతా వాళ్లే కొంటారు, నచ్చకపోతే మళ్లీ చెరుకే. ఊరు అప్పటికే నవ్వుతోంది. అందుకని నమూనా సంచీ పట్టుకుని, నన్ను తోడు లాక్కుని, బావ పొద్దున్న ఏడింటి పాసింజర్ ఎక్కాడు.

బెల్లం వండే పొయ్యి వేడి ఊరికే పోతోందని, దాని మీద తడక కట్టి ఒక్క పూటలో ఆకు ఎండబెట్టేశాడు మహానుభావుడు. పచ్చగా, అప్పడంలా కరకరలాడుతోంది. అక్క మాత్రం మంచం కింద నీడలో నింపాదిగా ఆరబెట్టుకున్న ఆకు, నా దగ్గుకి కషాయం కాచుకోమని మూట కట్టి ఇచ్చింది.

రైల్లో ఎండుచేపల గంపతో ఒకావిడ పక్కన కూర్చోగానే బావ సంచీ ఒళ్లోకి లాక్కున్నాడు.

“నా సేపల వాసన నీ ఆకుకి అంటుకుంటాదనేటి బాబూ?” అని ఆవిడ నవ్వి, సంచీలోకి వంగి వాసన చూసింది. “దీనికసలు వాసనే నేదు. ఆ బాబు మూటే గుప్పుమంటంది.”

బావ మొహం మాడ్చుకున్నాడు. “సేపలమ్మేదానికి ఆకు సంగతేటి తెలుస్తాది బామ్మర్దీ!” అని నా చెవిలో గొణిగాడు.

విశాఖలో దిగి, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఇడ్లీ తిని సిటీబస్సు ఎక్కాం. వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోండి, ఎండాడ దగ్గర సముద్రం కాస్త కనిపిస్తుంది. బావ అటు చూడనే లేదు.

యూనిట్ మేనేజరు ఆకు చూసి, “రంగు బావుందండీ,” అన్నాడు. బావ నన్ను మోచేత్తో పొడిచాడు. ఆ ఆకుని గాజు కుప్పెలో వేసి, నీళ్లు పోసి మరిగించి, వచ్చిన ఆవిరిని చల్లార్చి చూస్తే నూనె జాడే లేదు.

“బాగా వేడి తగిలినట్టుంది. నూనంతా మీ దగ్గరే ఆవిరైపోయిందండీ.”

బావ సంచీ మూతి బిగించి కట్టేశాడు. చూడలేక, ఇది మా అక్క నీడలో ఆరబెట్టిందని చెప్పి నా మూట విప్పి ఇచ్చాను. మేం భోజనం చేసి వచ్చేసరికి కుప్పె పక్క గొట్టంలో, నీళ్ల మీద లేతపసుపు నూనె తేలుతోంది.

“ఇలా నీడలో ఆరబెట్టి తెండి. పంటంతా తీసుకుంటాం,” అన్నాడు మేనేజరు. సంతోషంతో నాకు కళ్లు చెమర్చాయి. వెంటనే దగ్గు కూడా వచ్చింది.

సాయంత్రం తిరుగు పాసింజర్లో బావది ఒకటే గొడవ. “ఉన్నవి రెండు గదులు. అరెకరం ఆకుకి నీడెక్కడ తేవాల?” నా కషాయం కుప్పెపాలైంది. అయినా ఇంత హాయిగా నేను ఏ ప్రయాణం నుంచీ తిరిగి రాలేదు.

ఇంటికి చేరగానే అక్క గుమ్మంలోనే అడిగింది, “ఏటన్నారు?”

బావ లోపలికెళ్లి, మంచం ఎత్తుకొచ్చి వాకిట్లో వేశాడు.

“ఇయ్యేల నుంచి ఇల్లు ఆకుకి. మనం ఇక్కడ.”

అక్క ఒక్క క్షణం మంచం వంక చూసి, నవ్వుకుంటూ తలగడలు తేవడానికి లోపలికెళ్లింది.