చేతికి తగలని ఎముకలు

మా నాయన చేతికి ఒక విద్య ఉండేది. పలమనేరులో పాడి ఆవులు మేపినన్నాళ్లూ దాన్ని నమ్ముకునే బతికాడు. సంతలో ఆవు పక్కన నిలబడి, పక్కటెముకల మీదుగా అరచెయ్యి జరిపి, దాన్ని ఆసామి ఎట్లా చూసుకున్నాడో చెప్పేసేవాడు. ఎముకలు చేతికి తగిలితే ఇక బేరం కూడా ఆడేవాడు కాదు. "గొడ్డు కడుపు మాడ్చినోడితో మనకేం మాటలు" అని వచ్చేసేవాడు.

మోకాళ్లు అరిగాక ఆవుల్ని అమ్మేసి తిరుపతిలో కూతురింటికి, అంటే మా ఇంటికి వచ్చాడు. అమ్మ అప్పటికే లేదు. మాది రెండో అంతస్తు. పాలు పితికే పని లేదు, గడ్డి కోసే పని లేదు. ఊరికే చేతులు చూసుకుంటూ కూర్చునేవాడు. అది చూడలేకే నేను మెట్ల కింద దొరికిన బూడిదరంగు పిల్లిపిల్లను తెచ్చి ఒళ్లో వేశాను. ఆయన చెయ్యి తనంతట తానే దాని పక్కటెముకల మీదికి పోయింది.

"ఏం మే, ఎముకలు తగలతా ఉండాయి!" అన్నాడు, నేనే దాని నోటికాడి కూడు లాక్కున్నట్టు.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ పిల్లికి జరిగిన మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. పొద్దున మీగడ, మధ్యాహ్నం పెరుగన్నం. చేపలు తెస్తే ముక్కలు దానికి, పులుసు మాకు. నేను కొన్న ప్యాకెట్ గింజలు గిన్నెలో అడుగంటకుండా పోస్తూనే ఉండేవాడు. దాణా తొట్టి ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదన్నది ఆయన పాత లెక్క. పిల్లి పొట్ట నేలను రాసుకునేంతగా పెరిగింది. అది ఊగుతూ నడుస్తుంటే మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకునేవాళ్లు. "యాడ తడిమినా ఎముక తగల్లేదు సూడు" అని నాయన మురిసిపోయేవాడు.

కొన్నాళ్లకు అది కిటికీ మీదికి ఎగరడం మానేసింది. నీళ్లు తెగ తాగడం మొదలుపెట్టింది. నాకు అనుమానం వచ్చి అడిగితే, "తాగనీ మే, మంచిదే. మన ఆవులు తాగలేదా?" అన్నాడు. జంతువుల విషయంలో ఆయన మాటకు మా ఇంట్లో తిరుగు లేదు. వెనక్కాళ్లు ఈడ్చుకుంటూ నడిచిన రోజున గానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు.

డాక్టరమ్మ దాని ఒళ్లు తడిమి, రక్తం పరీక్ష చేయించి, షుగర్ వచ్చిందని చెప్పింది. లివర్ కూడా చెడిందట. "పిల్లికి పక్కటెముకలు చేతికి తగలాలి తాతా. తగలకపోతేనే భయపడాలి" అంది, మెత్తగానే.

ఇంటికి రాగానే నాయన ఆ గింజల గిన్నె కడిగి బోర్లించాడు. ఆ రోజు నుంచి ఇంజెక్షన్లు నేను వేసేదాన్ని, తిండి చిన్న కప్పుతో కొలిచి ఆయన పెట్టేవాడు. చాలక అది ఆయన కాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ అరిచేది. నాయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని బాల్కనీలోకి పోయేవాడు. నాకు ఆయన మీద మండిపోయేది, అంతలోనే జాలేసేది. పెంచడమంటే పెట్టడమే అనుకున్న ఇల్లు మాది. ఆయన ఒక్కణ్ణి ఏమని అనను?

తర్వాత అది అరవడం కూడా మానేసింది. కప్పులో పెట్టింది కప్పులోనే ఉండిపోయేది. ఇప్పుడు నాయనే బతిమాలేవాడు, మీగడ వేలికి రాసి మూతి దగ్గర పెట్టేవాడు. అది మొహం తిప్పుకునేది. ఆ ఒళ్లంతా ఎట్లా కరిగిపోయిందో తెలియదు. డాక్టరమ్మ చేయగలిగినదంతా చేసింది.

ఒక మధ్యాహ్నం ఆయన ఒళ్లోనే పోయింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన చెయ్యి దాని పక్కల మీదుగా మెల్లగా జరుగుతోంది.

"ఇప్పుడు తగలతా ఉండాయి మే" అన్నాడు.

చెయ్యి మాత్రం తీయలేదు.