రెండో తాళంచెవి

మేనేజరు దాన్ని చాలా చిన్న పనిలాగా చెప్పాడు. "మీ లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీ ఉందిగా, దాన్ని మీ పాత ఖాతాలోంచి తీసేసి కంపెనీ ఖాతాలో పెట్టండి. సొంత పనులవీ ఇంక వద్దు."

లాప్‌టాప్ నాది. కీ అంటే కోడ్ దాచుకునే సైటు నన్ను గుర్తుపట్టే తాళంచెవి లాంటి ఫైలు. ఆ సైటులో ఒక కీని ఒక్క ఖాతాకే తగిలించనిస్తారు. పలమనేరులో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేస్తున్నాను. ఆ ఉద్యోగం రాకముందే రాసుకున్న ప్రోగ్రాం నా ఖాతాలో ఉంది. బంగారుపాళ్యం మామిడిగుజ్జు ఫ్యాక్టరీల దగ్గర ఏ టోకెన్ నడుస్తోందో క్యూలో ఉన్న రైతులు ఫోన్లో నొక్కితే, తోటల్లో ఉన్నవాళ్లకు కనిపిస్తుంది. అది చూసుకుని మామిడికాయ కోస్తారు. ముందే కోస్తే ట్రాక్టరు మీదే మెత్తబడిపోతుంది. మా నాయన అట్లా ఒక లోడు రోడ్డు పక్కన పారబోసి వచ్చిన ఏడాది రాశాను దాన్ని. ఎవరో వద్దంటే మానేస్తానా?

కంపెనీ కోసం కొత్తగా ఇంకో కీ చేసుకున్నాను. నాది నా దగ్గరే ఉంచుకున్నాను. "రెండెందుకండీ, తలనొప్పి?" అన్నాడు మేనేజరు. నా తల, నా నొప్పి అనుకున్నాను.

కానీ పని సగమే చేశానని సీజను మధ్యలో తెలిసింది. ఒక పొద్దున క్యూలోంచి నాయన ఫోన్ చేశాడు.

"పాపా, ఈడ టోకెన్లు బిరబిరా నడస్తా ఉండాయి. నీ దాంట్లో నిన్నటి నంబరే సూపిస్తా ఉండాది. ఇంకా టైముండాదని తోటల్లో అందరూ అట్నే కూసోనుండారు. వరస తప్పిపోతారు."

తప్పు వెంటనే దొరికింది. సరిచేసి సైటుకు పంపబోతే 'అనుమతి లేదు' అని, పక్కన కంపెనీ ఖాతా పేరు! నా ప్రోగ్రాం నన్నే ఎవరు నువ్వని అడుగుతోంది. ఒళ్లు మండిపోయింది. లాప్‌టాప్ ముందు కంపెనీ కీ చూపిస్తోంది; సైటు నన్ను కంపెనీ మనిషనుకుని బయటికి తోసేస్తోంది. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల ఫైలు తెరిచి రెండు పేర్లు రాశాను: ఒకటి ఆఫీసు, ఒకటి తోట. ఏ పేరుకు ఆ కీనే చూపించాలి, రెండోది బయటికి తీయకూడదు. నా ప్రోగ్రాం చిరునామాలో 'తోట' అని మార్చి పంపాను. వెళ్లింది.

ఈలోగా ఆఫీసు మీటింగు తప్పిపోయింది. మేనేజరు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను.

"మీ సొంతానికున్న ఆ రెండో కీ ఈ రోజే తీసేయండి. లేదంటే మీ ఉద్యోగం గురించి ఆలోచించాల్సి వస్తుంది."

"మీటింగు తప్పడం నా తప్పే సార్. కీ మాత్రం తీయను. అది మీరిచ్చింది కాదు."

మాట మార్చలేదు.

లోడు దింపి సాయంత్రం ఇంటికొచ్చిన నాయన అంతా విని, "ఉద్యోగం పోతాదేమో పాపా" అన్నాడు.

"పోతే వాళ్ల కీ ఒకటే పోతాది నాయనా."

నాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని నా పక్కన కూర్చున్నాడు.

"సరే, టోకెన్ యాడికొచ్చిందో సూడు. రేపు తూర్పు పక్క చెట్లు కోయల్ల."