ఫిరంగి లాగిన ఎద్దు

విమానాశ్రయం మొదలై అప్పటికి రెండేళ్ళు దాటింది. మా పొలం దాని ప్రహరీ గోడకు లోపల ఉండిపోయింది, మేము బయట. నేను శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. మా బాపు పొద్దున్నే లేచి, పోవడానికి చేను లేక, గోడ పొడుగునా నడిచి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

సేద్యం చేసే రోజుల్లో బాపు ఊరి భాగోతాల్లో ఆడేవాడు. ఎప్పుడూ రాజు వేషమే. ఆయన గొంతు లేపితే చివరి వరసలో కునుకు తీసేవాళ్ళు లేచి కూర్చునేవారు. పొలాలు పోయాక ఆడేవాళ్ళలో సగంమంది గగన్‌పహాడ్ ఫ్యాక్టరీ షెడ్లలో పనికి కుదిరారు. భాగోతం ఆగిపోయింది.

ఆ ఏడు ఊళ్ళో కమ్యూనిటీ హాలు కట్టారు. కమిటీ పెద్దమనిషి మా ఇంటికొచ్చి, "టీచరమ్మా, హాలు తెరవనీకి లీడరొస్తుండు. గోలకొండ మీద మంచి నాటకం రాయి. రాజుల పౌరుషం కనబడాలె. రాజు వేషం మీ బాపుకే" అన్నాడు. చాలా రోజుల తర్వాత బాపు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

రాయడానికి కూర్చుంటే ఢిల్లీ, గోలకొండ రాజులిద్దరూ పాఠ్యపుస్తకం అప్పజెప్పినట్టు మాట్లాడుతున్నారు. చింపేశాను. ఢిల్లీ పాదుషా నెలల తరబడి కోట చుట్టూ డేరాలు వేసుకుని కూర్చున్నాడని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! అంతంత ఫిరంగులు అక్కడికి తమంతట తాము నడిచి రాలేదు కదా. లాగినవాళ్ళను అడుగుదామనిపించింది. నాటకం మొత్తం ఫిరంగి లాగిన ఎద్దు చెప్పినట్టుగా రాశాను. పాదుషాలు అందులో ఉన్నారు గానీ, ఎద్దుకు కనబడినంత వరకే.

బాపుకు చదివి వినిపించాను. ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఏంది బిడ్డా ఇది? పాదుషాకు నాలుగు మాటలు, ఎద్దుకు నలభయ్యా?"

"నువ్వు ఎద్దు వేషం వెయ్యి బాపు."

"ముప్పై ఏండ్లు కిరీటం పెట్టినోన్ని. ఇగ కొమ్ములు పెట్టుకోవాల్నా? నాతోని కాదు."

"అయితే నేనే వేస్తా" అన్నాను పట్టుదలగా. బాపు కోపంతో పాదుషా వేషం కూడా వద్దన్నాడు. దాంతో ఢిల్లీ పాదుషాగా ఆయన దోస్తు, ఆరాంఘర్ దగ్గర పంక్చర్ల దుకాణం నడిపే చాచా ఒప్పుకున్నాడు. "నాలుగే మాటలా? బహుత్ అచ్ఛా, యాదికుంటయి" అని నవ్వాడు. పాత పైపుకు రెండు టైర్లు బిగించి ఫిరంగి కూడా ఆయనే చేసి తెచ్చాడు.

ఒక సాయంత్రం మా వాకిట్లోనే రిహార్సల్ చేస్తుంటే కమిటీ పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. నేను గొంగడి కప్పుకుని ఎద్దు మాట చెబుతున్నాను: "ఢిల్లీ పాదుషాకు గోలకొండ కావాలె. గోలకొండ పాదుషాకూ గోలకొండే కావాలె. నాకు గడ్డి కావాలె. గడ్డి ఉన్న జాగలనే డేరాలేసిండ్రు. నన్నెవ్వరు అడిగిండ్రు?"

పెద్దమనిషి నవ్వలేదు. "ఆ గడ్డి ముచ్చట తీసెయ్. ఎవరి మీద అంటున్నవో నాకు తెల్వదా? లీడర్ ముంగట పొలాల లొల్లి పెడ్తవా?"

"నేను ఎద్దు గురించి రాశాను."

"ఎద్దు మాట్లాడుతదా? తియ్యి అంటే తియ్యి. మేం చెప్పినట్టు చెయ్యకుంటే నాటకమే లేదు."

"ఒక్క మాట కూడా తియ్యను" అన్నాను. గొంగడి ఇంకా బిగించి కప్పుకున్నాను.

అరుగు మీద కూర్చున్న బాపు లేచి వచ్చాడు. నా భుజాల మీది గొంగడి తీసి తాను కప్పుకున్నాడు.

"ఎద్దు నేనైత. గా మాట నేనంట. వచ్చి ఆపు" అన్నాడు.

పెద్దమనిషి వెళ్ళిపోయాడు. కార్యక్రమంలో నాటకం ఉంటుందని ఊరంతా చెప్పేసి ఉన్నాడు మరి, రద్దు చేస్తే ఆయనకే చిన్నతనం.

హాలు తెరిచే రోజు సాయంత్రం దాని ముందు షామియానా కింద ఊరంతా చేరింది. లీడరు ముందు వరసలో కూర్చున్నాడు. కొమ్ములు కట్టుకుని, టైర్ల ఫిరంగిని లాక్కుంటూ బాపు వచ్చేసరికి జనం ఈలలు వేశారు. ఆయన సిగ్గుపడతాడేమోనని నేను తెర పక్క నుంచి తొంగిచూశాను. ఆయన మెడ విదిల్చి, పాదుషా వైపు చూసి రంకె వేశాడు. చాచా నిజంగానే ఉలిక్కిపడి తన నాలుగు మాటల్లో ఒకటి మరిచిపోయాడు.

సరిగ్గా గడ్డి మాట దగ్గర మైకు ఆగింది. కరెంటు మాత్రం ఉంది, బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. పెద్దమనిషి మైకు పెట్టె పక్కనే నిలబడి ఉన్నాడు. బాపు మైకు వైపు చూడనైనా చూడలేదు. ఆయన నేర్చింది మైకుల్లేని రోజుల్లో. "నన్నెవ్వరు అడిగిండ్రు?" అన్న మాట రోడ్డు దాకా వినబడింది. అప్పుడే తలల మీదుగా విమానం పోయింది. ఆ మోత తగ్గేదాకా ఆగి, పైకి చూస్తూ నేను రాయని మాట ఒకటి కలిపాడు: "దినాం నా నెత్తి మీదికెళ్ళే పోతది. కిరాయి ఇయ్యదు."

జనం విరగబడి నవ్వారు. నవ్వులు ఆగాక ముందు వరసలో ఒక ముసలావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. లీడరు గడియారం చూసుకుని లేచాడు. ఆయన వెంట నలుగురే పోయారు. మిగతావాళ్ళంతా చివరిదాకా కూర్చున్నారు.

సోమవారం మా బడి యజమాని పిలిచాడు. ఆయన కోస్తా వైపు మనిషి, పెద్దమనిషికి స్నేహితుడు. "పొరపాటు జరిగిందని ఆయనకు ఒక్క మాట చెప్పండమ్మా. గొడవ సద్దుమణుగుతుంది" అన్నాడు మర్యాదగానే.

"అది అన్నది ఎద్దు సార్. నేనెందుకు చెప్పాలి?"

"మీకు ఉద్యోగం అవసరం లేదనుకోమంటారా?"

"ఉంది. చెప్పను" అన్నాను. ఆ నెలాఖరుకు నన్ను మాన్పించారు. కొన్నాళ్ళు ఇబ్బంది పడి, తర్వాత కాటేదాన్‌లో ఇంకో బడిలో చేరాను. పొద్దున రెండు బస్సులు మారాలి. ఒక్కసారి కూడా పశ్చాత్తాపపడలేదు.

ఎద్దు నాటకాన్ని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిలిచి ఆడించుకున్నారు. చాచా ఫిరంగిని తన ఆటో మీద కట్టి తెచ్చేవాడు. ఒక ఊళ్ళో ఎవరో బాపును, "రాజు వేషం మల్ల ఎప్పుడేస్తవే?" అని అడిగారు.

"రాజులేమన్నరో అందరికీ ఎరుకే" అన్నాడు బాపు, కొమ్ముల తాడు బిగించుకుంటూ. తర్వాత నా వైపు తిరిగి, "బిడ్డా, కోటల వంట జేసినోళ్ళు ఉంటరు గద. వాళ్ళనేమన్న అడిగినవా?" అన్నాడు.