ఊ కొట్టే నాన్న

చెవులు మొరాయించాక నేను ఊ కొట్టడంలో ఆరితేరాను. ఎదుటివాళ్ల పెదవులు ఆగగానే "ఊ" అనేయడమే. మా ఆవిడ "తలుపు వేశారా?" అన్నా ఊ, "కూర మాడిందా?" అన్నా ఊ. చెవి మిషన్‌లో శబ్దం వస్తుంది గాని మాట విడిపడదు. ఆ సంగతి ఒప్పుకోవడం నాకు నామోషీ.

మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో పరిశోధన చేస్తోంది. పోయినేడు దాని ఉపన్యాసం యూనివర్సిటీవాళ్లు లైవ్‌లో చూపిస్తే, అదే దేశంలో మరో ఊళ్లో, క్వేకర్స్ హిల్‌లో మా ఇంట్లో కూర్చుని చూశాను. తర్వాత వీడియో కాల్‌లో "ఎలా ఉంది?" అన్నట్టుంది, "ఊ, బాగుంది" అన్నాను. "వాట్ వజ్ ఇట్ అబౌట్, నాన్నా?" అని రాసి చూపించింది. దానికీ "ఊ" అన్నాను. అది నవ్వేసి మాట మార్చింది, అదే నన్ను కుమిలేలా చేసింది.

ఈ ఏడు రిహార్సల్ వీడియో ముందే పంపింది. కింద కంప్యూటరే మాటల్ని అక్షరాలుగా వేస్తోంది. చివర్లో 'థాంక్స్ టు మై నానా' అని పడింది. ఈ దేశంలో నానా అంటే నానమ్మ. నాకు ఒళ్లు మండింది. "లెక్కలు నేర్పింది నేనైతే థాంక్స్ మా అమ్మకా?" అని మెసేజ్ పెట్టాను.

"అయ్యో, దట్స్ యూ! నాన్న అన్నాను. కంప్యూటర్‌కి తెలుగు రాదు. ఐ విల్ ఆస్క్ యూని ఫర్ ఎ రియల్ పర్సన్ టు టైప్" అని జవాబొచ్చింది. అడగడమే కాదు, వాళ్లు ఒప్పుకునేదాకా వదల్లేదు.

అసలు ఉపన్యాసం రోజు మధ్యాహ్నం మా ఆవిడా నేనూ టీవీ ముందు కూర్చున్నాం. పొలాల్లో ఉప్పు పైకి ఎందుకు తేలుతుందో అమ్మాయి చెబుతుంటే, ఎవరో మనిషి టైపు చేసిన మాటలు కాస్త ఆలస్యంగా కింద వచ్చాయి. దాని జోకుకి హాలంతా నవ్వి ఊరుకున్నాక నేను పగలబడి నవ్వాను. ఆవిడ నా వంక వింతగా చూసింది. ఒక్క ముక్కా పోలేదు.

చివర అమ్మాయి కెమెరా వైపు తిరిగింది. టైపు చేసే మనిషికి ఆ మాట ముందే రాసి ఇచ్చి ఉంచిందట, కింద తెలుగు అక్షరాలు పడ్డాయి: "నాన్నా, అర్థమైందా?"

"ఊ" అన్నాను టీవీతో. ఇన్నేళ్లలో అబద్ధం కాని ఊ అదొక్కటే.